ఆకుపచ్చ దారం కట్టిన బిరడా

చదివేవాళ్లు ముందుగా నన్ను మన్నించాలి. యాభై దాటాక, మా ఆయన పోయాక, మనవరాలి పలక మీద అక్షరాలు దిద్దుకున్నదాన్ని. ఒత్తులు తప్పుతాయి, పెద్ద ణ రావలసిన చోట చిన్న న పడుతుంది. ఒక పేజీ రాయడానికి నాకు ఒక పూట పడుతుంది కనుక కథ కూడా నిదానంగానే నడుస్తుంది. ఫోన్ల ఆఫీసు సంగతులు ఆయన అన్నం తింటూ చెప్పినవి. మనుషులనూ, చావునూ నేనే కల్పించాను. ఇది నా నవలలో ఏడో అధ్యాయం. వెనకటివి చదవకపోయినా ఇబ్బంది లేదు, కావలసింది ఇందులోనే ఉంది.

చెవి మేడం ఆ ఉదయం ఆఫీసుకు వచ్చేసరికి కొత్త కంపెనీ ఇంజనీరమ్మాయి ఆమె గది బయట బెంచీ మీద కూర్చుని ఉంది. రాత్రంతా నిద్ర లేని మొహం. మేడం మొహమూ అంతకంటే మెరుగ్గా లేదు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని, పలకరింపులు మానేసి లోపలికి వెళ్లారు.

చెవి మేడం అన్నది ఆమె పనిచేసే నియంత్రణ మండలిలో వాళ్లు పెట్టిన పేరు. ఆమె పాతికేళ్లు టెలిఫోను ఆపరేటరుగా చేసింది. కూత వింటే చాలు, లైను ఎక్కడ చెడిందో చెప్పేస్తుందని ప్రచారం. నిజానికి ఇప్పుడు ఆమె కుడి చెవి సరిగా వినబడదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఉన్న ఒక్క పేరు కూడా పోతుందని భయం.

ఒకప్పుడు ఫోను కావాలంటే అందరికీ ఒక్కటే కంపెనీ, సర్కారుది. అర్జీ పెట్టుకుని ఏళ్ల తరబడి కూర్చునేవాళ్లు. తరువాత చట్టం మారింది, కొత్త కంపెనీలు వచ్చాయి. కానీ కొత్త ఫోనులో మాట పాత ఫోనుకు చేరాలంటే పాత కంపెనీ ఎక్స్ఛేంజి గుమ్మం తొక్కాల్సిందే. వాళ్లు రానిస్తేనే లోపలికి. ఆ గుమ్మం దగ్గర తగువు తీర్చడానికి ఎవరి పక్షమూ కాని నియంత్రణ మండలి ఒకటి పెట్టారు. మండలి కొత్తదే. కానీ ఫోన్ల పని తెలిసిన మనుషులు కొత్తగా ఎక్కడ పుడతారు? చెవి మేడం పాత కంపెనీ మనిషే. ఆమెను పిలిచి ఈ తనిఖీ అధికారి కుర్చీలో కూర్చోబెట్టిన పెద్దాయన, మండలిలో సాంకేతిక సభ్యుడు, ఆయనా ఒకప్పుడు పాత కంపెనీకి చీఫ్ ఇంజనీరే.

కేసు చిన్నదిగా మొదలై మనిషి చావు దాకా వచ్చింది. కిందటి వారం మిట్టమధ్యాహ్నం ఒక దర్జీకి గుండెల్లో నొప్పి వచ్చింది. భార్య అంబులెన్సుకు ఫోను చేసింది. ఫోను కొత్త కంపెనీది, అంబులెన్సు నంబరు పాత కంపెనీది. ఎంగేజ్. మళ్లీ చేసింది, ఎంగేజ్. పక్కింటివాళ్లు పరుగెత్తి వెళ్లి బండి తెచ్చేసరికి ఆయన మిషను మీదికి వాలిపోయి ఉన్నాడు. పాత కంపెనీ వాళ్లు తమ లైన్లన్నీ ఖాళీగానే ఉన్నాయన్నారు. కొత్తవాళ్ల యంత్రమైనా చెడి ఉండాలి, కంగారులో ఆవిడైనా తప్పు నంబరు నొక్కి ఉండాలి అని పేపర్లకు చెప్పారు. ఈ సాయంత్రం నాలుగింటికి మండలిలో విచారణ. తప్పు కొత్త కంపెనీదని తేలితే లైసెన్సు పోతుంది. ఆ మధ్యాహ్నం డ్యూటీలో ఉన్న ఈ అమ్మాయి మీద నిర్లక్ష్యంతో ప్రాణం తీసిన కేసు పడుతుంది.

"ఆ పూట సీటు వదిలి వెళ్లావా?" అని అడిగింది మేడం.

"వెళ్లాను."

"ఎక్కడికి?"

"బాత్రూంకి. అది కూడా నేరమేనా మేడం?"

"సాయంత్రం నాలుగింటి దాకా ఏది నేరమో నాకూ తెలీదు. నీళ్లు తాగు."

అమ్మాయి నీళ్లు తాగి చెప్పడం మొదలుపెట్టింది. రెండు కంపెనీల మధ్య అరవై లైన్లు ఉండాలి. కాగితం మీద ఉన్నాయి కూడా. పనిచేసేవి పదో పన్నెండో. అవి నిండిపోతే తరువాత వచ్చే ప్రతి ఫోనుకీ ఎంగేజే. ఎన్నోసార్లు ఫిర్యాదు చేశారు. ప్రతిసారీ మండలి తనిఖీకి వెళ్లింది. తనిఖీ నాడు అరవై లైన్లూ గలగలా మాట్లాడతాయి. మర్నాటికి మళ్లీ మామూలే.

"మీరు కబురు పెట్టి మరీ వెళ్తారు కదా మేడం," అంది అమ్మాయి. "చుట్టాలింటికి వెళ్లినట్టు. వాళ్లు ఇల్లు సర్దుకోరా మరి?"

మేడం నొచ్చుకోలేదు. నొచ్చుకునే ఓపిక కూడా లేదు. ముందుగా తెలిపి వెళ్లాలన్నది నిబంధన. ఆ నిబంధన రాసిన రోజున ఆమె కూడా బల్ల దగ్గర కూర్చుని తలూపింది.

"ఇవాళ చెప్పకుండా వెళ్తాను," అంది.

చెప్పకుండా అంటే ఒక్కరికి చెప్పక తప్పదు. పెద్దాయన అనుమతి లేకుండా తనిఖీ అధికారి గడప దాటకూడదు. ఆమె గదిలోకి వెళ్లి చెప్పినప్పుడు ఆయన మందుబిళ్ల వేసుకుంటున్నాడు. వెళ్లిరమ్మన్నాడు. అక్కడ మెట్లు ఎత్తుగా ఉంటాయి, మోకాళ్లు జాగ్రత్త అన్నాడు. ఈ ఆఫీసులో ఆమె మోకాళ్ల సంగతి గుర్తుపెట్టుకునేది ఆయన ఒక్కడే.

ఎక్స్ఛేంజిలో మెట్లు ఎత్తుగానే ఉన్నాయి. రెండో అంతస్తుకు చేరేసరికి ఆమెకు తల ప్రాణం తోకకు వచ్చింది. ఫ్రేం గదిలో గుమ్మానికి ఎదురుగా కుర్చీ వేసుకుని పాత కంపెనీ విజిలెన్స్ అధికారి టీ తాగుతున్నాడు. పక్క స్టూలు మీద రెండో కప్పు మూతపెట్టి ఉంది.

"రండి మేడం. చల్లారిపోతుందేమో అనుకుంటున్నా," అన్నాడు.

తను వస్తున్నట్టు ఆమె ఒక్కరికే చెప్పింది. ఆ ఒక్కరి గురించి ఆ క్షణంలో ఆమె ఆలోచించలేదు. ఆలోచించాలనిపించలేదు.

గది మూలన ఫోర్మన్ తీగముక్కలు చుట్టుకుంటూ నిలబడి ఉన్నాడు. స్వయానా ఆమె మరిది. ఆమె మండలిలో చేరిన రోజునుంచి ఇంటికి రావడం మానేశాడు. తిన్నింటిని వదిలి తీర్పులు చెప్పడానికి వెళ్లిందని అన్నాడట. ఆ మాట తోడికోడలి ద్వారా ఆమె దాకా వచ్చింది. ఇప్పుడూ తల ఎత్తలేదు.

ఫ్రేం అంటే గది పొడుగునా నిలబెట్టిన ఇనుప చట్రం. నేలనుంచి కప్పుదాకా వేల తీగలు. బయటినుంచి వచ్చే ప్రతి లైనూ దాని ముందు వైపున ఒక చోట, వెనక వైపున ఒక చోట ముడి పడుతుంది. లైను మీద పని జరుగుతున్నప్పుడు ఇంకొకరు తెలియక దాన్ని ముట్టుకోకుండా అక్కడ ఎర్ర బిరడా గుచ్చుతారు. బిరడా ఉన్నంతసేపూ ఆ లైను మూగది. ఎప్పుడో ఒకరు గుచ్చిన బిరడా మరొకరు తీస్తే, స్తంభం మీద ఉన్న మనిషి షాకు కొట్టి కిందపడ్డాడు. అప్పటినుంచి ఆ గదిలో ఒక కట్టుబాటు. ఒక్కో మనిషికి ఒక్కో రంగు దారం. దాన్ని తన బిరడాల తోకకు కట్టుకుంటాడు. ఎవరు గుచ్చింది వాళ్లే తీయాలి. ఎంత పెద్ద అధికారి చెప్పినా ఇంకొకరి బిరడా ముట్టుకోరు.

"చూసుకోండి," అన్నాడు విజిలెన్స్ ఆయన, కొత్త కంపెనీ వరసల ముందు నిలబడి. "ఒక్క బిరడా ఉందా? అరవై లైన్లూ నిక్షేపంగా ఉన్నాయి."

నిజమే, ఒక్కటి కూడా లేదు. మేడం కళ్లజోడు సర్దుకుని దగ్గరగా చూసింది. మిగతా వరసల మీద దుమ్ము దుప్పటిలా పరుచుకుని ఉంది. ఈ వరసల్లో మాత్రం ప్రతి చిల్లు చుట్టూ గుండ్రంగా దుమ్ము లేదు.

"ఇక్కడ శుభ్రంగా ఉందే."

"తుడిచాం. శుభ్రంగా ఉంచుకున్నా కేసేనా?"

"తుడిస్తే అంతా తుడుస్తారు. చిల్లుల చుట్టూనే గుండ్రంగా ఎవరు తుడుస్తారు?"

ఆయన టీ కప్పు కింద పెట్టాడు. పాతికేళ్లు ఇదే చూరు కింద తిని, ఇవాళ ఎవరి తరఫున వచ్చారని అడిగాడు. ఎండనక వాననక తాము పాతిన స్తంభాల మీద నిన్నగాక మొన్న వచ్చినవాళ్లు ఊరేగుతుంటే, వాళ్లకు మీరొచ్చి తలుపు తీస్తున్నారన్నాడు.

"తలుపు తీయమన్నది చట్టం," అంది మేడం. "గడియ పడి ఉందో లేదో చూసి చెప్పడం వరకే నా పని."

"అయితే ఇదీ చూడండి. ఇక్కడ ఫోర్మన్ మీ మరిది. మా తప్పు లేదని రాస్తే మరిదిని కాపాడుకుందంటారు. తప్పుందని రాస్తే కుటుంబంలో కసి తీర్చుకుందంటారు. ఎటు రాసినా మీ మాట నిలబడదు."

ఆ మాటలో అబద్ధం లేదు. ఆమె సంచిలోంచి కొత్త కంపెనీ ఫోను తీసి, ఆ గదిలోనే బల్ల మీదున్న పాత కంపెనీ ఫోనుకు నంబరు నొక్కింది. ఎడమ చెవికి పెట్టుకుంది. ఎంగేజ్. కాసేపు ఆగి మళ్లీ నొక్కింది. ఎంగేజ్. బల్ల మీద ఫోను మాత్రం ఎవరూ ముట్టుకోకుండా చల్లగా పడి ఉంది.

విజిలెన్స్ ఆయన చేతులు రెండూ చాచాడు. "విన్నారుగా. మా వైపు అన్నీ తెరిచే ఉన్నాయి, మీరే చూశారు. అయినా రావడం లేదు. మరి తప్పు ఎవరి యంత్రానిది? మీ చేత్తోనే రాయండి."

ఆ క్షణంలో ఆమె ఆ మాట నిజంగానే నమ్మింది. బెంచీ మీద కూర్చున్న అమ్మాయి మొహం గుర్తొచ్చింది. కూలబడటానికి స్టూలు కోసం చూస్తూ, చాచిన ఆయన అరచేతుల వైపు చూసింది. వేళ్ల కొసలు ఎర్రగా ఉన్నాయి. చెమట పట్టిన చేత్తో పాత బిరడాలు లాగితే ఆ రంగు అంటుకుంటుంది. ఆపరేటర్లు ఫ్రేం గదివాళ్లను ఆ చేతులు చూసే ఆటపట్టించేవాళ్లు, గోరింటాకు పండిందా అని.

బిరడాలు లాగింది ఈయనే అన్నమాట. ఈయన జన్మలో ఫ్రేం మీద పని చేసినవాడు కాదు. దస్త్రాల మనిషి. ఫ్రేం మనిషికి తెలిసిన సంగతి ఈయనకు తెలిసే దారి లేదు. జాగ్రత్త గల మనిషి ముందు వైపు ఒక్కటే గుచ్చి ఊరుకోడు.

మేడం ఫ్రేం చివరిదాకా నడిచి వెనక వైపుకు తిరిగింది. "అటేముంది? అంతా చెత్త," అన్నాడు విజిలెన్స్ ఆయన. గొంతులో కంగారు లేదు. ఆయనకు నిజంగానే తెలియదు.

వెనక సందు మనిషి పక్కకు తిరిగితేగాని పట్టనంత ఇరుకు. పై వరసలు చీకట్లో ఉన్నాయి. ఆమె మునివేళ్ల మీద లేచింది, మోకాలు ఒప్పుకోలేదు. అప్పుడు చక్రాల చప్పుడు వినిపించింది. మరిది నిచ్చెన తోసుకుంటూ వచ్చి ఆమె పక్కన ఆపి, అది జారకుండా కాలు అడ్డం పెట్టాడు.

"మూడో మెట్టు వదులుగా ఉంది వదినా. చూసి ఎక్కండి," అన్నాడు.

చాలా కాలం తరువాత ఆమెతో మాట్లాడిన మొదటి మాట అదే.

పైన ఎర్రగా వరసలు వరసలుగా ఉన్నాయి. ఆమె లెక్కపెట్టడం మధ్యలోనే మానేసింది. ఒక పద్ధతిగా, ఒకే లోతులో, పంక్తి తప్పకుండా గుచ్చిన చెయ్యి. ప్రతి తోకకూ ఆకుపచ్చ దారం.

"ఆకుపచ్చ ఎవరిది?"

మరిది వరండా వైపు చెవి పెట్టాడు. విజిలెన్స్ ఆయన బయట వరండాలో ఫోనులో ఎవరితోనో గట్టిగా మాట్లాడుతున్నాడు.

"ఆ రంగు ఇప్పుడు ఎవరికీ ఇవ్వం," అన్నాడు మెల్లగా. "ఆయన వెళ్లిపోయాక ఇవ్వలేదు. గౌరవం కొద్దీ అట్టే పెట్టాం."

"ఎవరు వెళ్లిపోయాక?"

"మీ దగ్గరికేగా వచ్చారు."

ఆమె నిచ్చెన కడ్డీని గట్టిగా పట్టుకుంది. మరిది కింద చూస్తూ చెప్పుకుపోయాడు. కొన్ని నెలల కిందట పెద్దాయన వచ్చాడట. పాత ఎక్స్ఛేంజి ఒకసారి చూసుకోవాలని వచ్చాడేమో అనుకుని అందరూ సంతోషపడ్డారు. కొత్త కంపెనీ లైన్లకు బిరడాలు గుచ్చమన్నాడు. లైను మీద మనిషి లేనప్పుడు బిరడా ఎందుకని మరిది గుచ్చనన్నాడు. ఆయన బీరువాలోంచి తన పాత డబ్బా తీసుకుని, చొక్కా చేతులు మడిచి, నిచ్చెన ఎక్కాడు. ముందు వైపూ వెనక వైపూ గుచ్చాడు. అలా గుచ్చాలని అందరికీ నేర్పింది ఆయనే. మండలి తనిఖీ ఉందంటే ముందురోజు వచ్చి తనే తీసేవాడు, మర్నాడు మళ్లీ వచ్చి గుచ్చేవాడు. ఇవాళ విచారణ కదా, రావడానికి వీలుపడలేదు. విజిలెన్స్ ఆయన్ని పంపించాడు, వెనక వైపు సంగతి చెప్పడం మరిచినట్టున్నాడు.

"ఇన్నిసార్లు వచ్చాను. ఒక్కసారి చెప్పలేకపోయావా?"

"ఇన్నిసార్లు వచ్చి కాగితాలే అడిగారు వదినా. నన్నేమీ అడగలేదు. నేనూ చెప్పకూడదనే కూర్చున్నా, మీరు అటువైపు మనిషి కదా అని. ఆ దర్జీ పోయిన నాడు మాత్రం అన్నం దిగలేదు. అంబులెన్సు నంబరుకి వేరే తీగ లాగి పక్కదారి వేశా. ఎవరికీ చెప్పలేదు. మిగతావి మూగవే."

"వీటిని తీసెయ్."

"ఇంకొకరి బిరడా నేను తీయను. ఉద్యోగం పోయినా తీయను. ఆయనే వచ్చి తీయాలి."

వాదించి లాభం లేదని ఆమెకు తెలుసు. వరసలన్నీ ఫొటోలు తీసింది. ఒక్క బిరడా మాత్రం పట్టుకుని లాగింది. ఆమె ఫ్రేం మనిషి కాదు, ఆ కట్టుబాటు ఆమెది కాదు. మరిది మొహం పక్కకు తిప్పుకున్నాడు. తను తిరిగి వచ్చేదాకా ఈ సందులోకి ఎవరినీ రానివ్వొద్దని చెబితే, స్టూలు తెచ్చుకుని సందు మొదట్లో అడ్డంగా కూర్చున్నాడు.

జీపులో తిరిగి వస్తూ ఆమె కోపం తెచ్చుకోవాలని చూసింది. రాలేదు. ఆపరేటర్ల గది మూసేసినప్పుడు అందరినీ ఇళ్లకు పంపుతుంటే, ఈవిడకు పని తెలుసు, మండలికి కావాలి అని పట్టుబట్టి తీసుకొచ్చింది ఆయన. ఆయనకు ఎవరూ ఏమీ ముట్టజెప్పి ఉండరు. ఆయన అలాంటి మనిషి కాదు. తన చేత్తో కట్టిన ఇంట్లోకి ఎవరో నడిచి వస్తుంటే చూడలేకపోయాడు, అంతే. అయినా దర్జీ మాత్రం తిరిగి రాడు.

విచారణ గదిలో బల్ల వెనక మూడు కుర్చీలు. నడిమి కుర్చీలో పెద్దాయన. ఒక పక్క ఇంజనీరమ్మాయి, ఆమె కంపెనీ వకీలు. రెండో పక్క పాత కంపెనీ వాళ్లు. వాళ్ల వెనకే వగరుస్తూ వచ్చి కూర్చున్న విజిలెన్స్ ఆయన. అందరికంటే వెనక వరసలో దర్జీ భార్య, ఒళ్లో చేతిసంచి పట్టుకుని. మొదటి రోజు వాంగ్మూలంలో ఆవిడ మేడంను అడిగింది ఒకటే, నేను నంబరు తప్పు నొక్కానా అమ్మా అని. మేడం అప్పుడు తెలియదనే చెప్పింది.

ప్రతి మాటా రికార్డు అవుతుందని గుమాస్తా గుర్తుచేశాడు. పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకుని పెట్టుకున్నాడు.

"ఏమ్మా, మెట్లు ఇబ్బంది పెట్టాయా?" అన్నాడు. "ఏం దొరికింది?"

ఆమె సంచిలోంచి బిరడా తీసి ఆయన ముందు బల్ల మీద పెట్టింది. ఏమనాలో దారి పొడుగునా అనుకుంటూ వచ్చింది గాని, ఆయన్ని చూశాక ఒక్క మాటా మిగల్లేదు.

దారం కొస విడిపోయి వేలాడుతోంది. పెద్దాయన చెయ్యి దానంతట అదే ముందుకు వచ్చింది. బిరడాను అందుకుని, విడిన దారాన్ని రెండు వేళ్లతో తోక చుట్టూ చుట్టి, కొస లోపలికి దోపింది. ఎన్నో ఏళ్లు రోజూ చేసిన పని. అప్పుడు ఆయన మొహం ఎర్రబడింది. ఆమె పాతికేళ్లలో ఎన్నడూ చూడని కోపం అది.

"దీన్ని తీసిందెవరు?" అన్నాడు. "నా బిరడా ముట్టుకోమని ఎవరు చెప్పారు మీకు?"

గుమాస్తా పెన్ను ఆగింది. విజిలెన్స్ ఆయన తన ఎర్రబడిన వేళ్లను మెల్లగా జేబులో దాచుకున్నాడు. పెద్దాయన తన మాట తనే విన్నట్టు బిరడా వైపు చూశాడు, తరువాత ఆమె వైపు చూశాడు. కోపం దిగిపోయి, దాని చోట ఒక ముసలి మనిషి కూర్చున్నాడు.

"నేనే తీశాను సార్," అంది చెవి మేడం. "ఒక్కటే తీశాను. మిగతావి అక్కడే ఉన్నాయి. మావాడు ముట్టుకోనంటున్నాడు. మీరే రావాలి."

ఆయన బిరడాను పిడికిట్లో పెట్టుకుని, కుర్చీ చేతులు పట్టుకుని లేవబోయి, మళ్లీ కూర్చుండిపోయాడు.

వెనక వరసలో కుర్చీ కిర్రుమంది. దర్జీ భార్య లేచి నిలబడింది. బిరడా అంటే ఏమిటో, అది ఎవరిదో ఆవిడకు అక్కర్లేదు. గదిలో ఎవరివైపూ చూడకుండా మేడంనే అడిగింది.

"అయితే నేను నంబరు..."

"సరిగ్గానే నొక్కారమ్మా," అంది మేడం. "ప్రతిసారీ సరిగ్గానే నొక్కారు."

రాసినది: పిల్లలందరూ పలక మామ్మ అని పిలిచే ఫ్రేం మేస్త్రీగారి భార్య. వయసు అరవై ఎనిమిది. ఇప్పుడు ఉంటున్నది చిన్న కూతురి ఇంట్లో, మెట్ల పక్క గదిలో.